వెనుకకు మరలు విద్య

సాయంకాలము విశాఖలోని కంచరపాలెము మెట్ట మీద నిలిచి పడమటి దిక్కునకు చూచువారికి, ఒకప్రక్క సింహాచలము కొండల వరుసయు, వేఱొకప్రక్క యారాడ కొండయు, వాని నడుమ విమానాశ్రయమును వాలుచున్న ప్రొద్దు వెలుగులో కనబడును. పెద్ద విమానములు సముద్రము మీదనుండి వచ్చి వాలుచుండును. నౌకాదళమువారి వైమానికస్థావరమునుండి చిన్న విమానములును హెలికాప్టర్లును లేచి తిరుగుచుండును. ఆ స్థావరమునకు ‘డేగ’ యని పేరు. డేగకు గాలిని చదువుట పుట్టుకతో వచ్చిన విద్య. మనుష్యున కట్లు కాదు. అతని కన్నును, చెవియు, అన్నిటికంటె మిన్నగా అతని మనస్సును, నేలమీద నడచుటకై ఏర్పడినవి. గంటకు నూఱు మైళ్ళ వేగముతో మబ్బులలో మెలగుటకు ఏర్పడినవి కావు. ఈ చిన్న సత్యమును మఱచినప్పుడెల్ల ఆకాశమున ప్రాణములు పోవుచున్నవి.

చిన్న విమానమో హెలికాప్టరో కూలినదని వార్త వచ్చినప్పుడు, నాలుగు దినములు గడవకమునుపే ‘పైలట్ తప్పిదము’ అను మాట వినవచ్చును. ఆ మాట విన్నంతనే మనము పత్రిక మడచి ప్రక్కన పెట్టుదుము. తప్పు చేసినవాడు తేలినాడు, అతడును మరణించినాడు, ఇంక విచారింపవలసిన దేమున్నదని మన భావము. నిజమునకు విచారణ మొదలు కావలసినది అక్కడనే. ఏండ్ల తరబడి విమానము నడపిన చేతులు, వేల గంటల అనుభవము గల కన్నులు, ఆ ఒక్క దినమున, ఆ కొన్ని నిమిషములలో ఎందుకు పొరబడినవి? ఈ ప్రశ్నకు సమాధానము చాలవఱకు చేతిలో లేదు, మనస్సులో నున్నది.

మన తెలుగు నేల మీద ఎవ్వరును మఱువలేని ఉదాహరణ మొకటి కలదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేట విమానాశ్రయమునుండి బెల్ 430 జాతి హెలికాప్టరొకటి చిత్తూరు జిల్లాకు బయలుదేరెను. అందు నాటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారును, వారి కార్యదర్శియు, భద్రతాధికారియు, ఇరువురు పైలట్లును ఉండిరి. రచ్చబండ కార్యక్రమమునకై వారు పోవుచుండిరి. వర్షాకాలము, దారిలో నల్లమల అడవులు, ఆ అడవుల మీద దట్టముగా క్రమ్ముకొన్న మేఘములు. ఇంచుమించు తొమ్మిదిన్నర వేళకు హెలికాప్టరుతో సంబంధము తెగిపోయెను. ఆ పగలంతయు, రాత్రియంతయు రాష్ట్రము ఊపిరి బిగబట్టి కాచుకొనియుండెను. మఱునాటి ఉదయము పావురాలగుట్ట మీద శకలములు కనబడెను. ఐదుగురిలో ఒక్కరును మిగులలేదు.

పిదప నియమితమైన విచారణసంఘము, నేల కూలినను చెడక నిలిచిన ధ్వనిముద్రణ యంత్రమును విని, తన నివేదికను సమర్పించెను. ఆ నివేదికలోని ఒక అంశము నన్ను చాల దినములు వెంటాడినది. మార్గమధ్యమున, యంత్రశక్తిని పంకాలకు అందించు పళ్ళచక్రముల పెట్టెలోని నూనె ఒత్తిడి తగ్గినట్లు సూచన కనబడెను. పైలట్ లిరువురును ఆ చిక్కును విప్పుటలో మునిగిపోయిరి. ఆఱు నిమిషములకు పైగా వారి దృష్టి యంతయు ఆ నూనె ఒత్తిడి మీదనే నిలిచెను. ఆ ఆఱు నిమిషములును హెలికాప్టరు మాత్రము ఎక్కడను ఆగలేదు. ఎదుటనున్న కారుమేఘములోనికి తన దారిని తాను పోవుచునే యుండెను. దారి మరలించుటను గూర్చి గాని, వెనుదిరుగుటను గూర్చి గాని వారు ఆలోచింపలేదని నివేదిక చెప్పినది. మేఘములోని బలమైన క్రిందిగాలి హెలికాప్టరును పట్టి నేలవైపునకు త్రోయగా, పైకి లేపుమని సహపైలట్ కేకలు వేసెను గాని, అప్పటికి కాలము మించిపోయినది. అంతకు పూర్వము వారిని అంతగా కలతపెట్టిన నూనె ఒత్తిడియా, హెలికాప్టరు కూలుటకు కారణము కానే కాదు.

మా వీధిలో విశ్రాంతి తీసికొన్న రైలింజను డ్రైవరొకాయన ఉన్నారు. కొత్తవలస కిరండూలు మార్గమున ఇనుపరాతి బండ్లను అనంతగిరి ఘాట్లలో దింపిన మనిషి. ఒకనాడు అరుగుమీద కూర్చుండి ఆయనకు ఈ ఆఱు నిమిషముల కథ చెప్పితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. చేతిలోని చుట్ట ఆరిపోయినది, మఱల వెలిగించుకొనలేదు. చివర కొక్క మాట అన్నారు: “ఇద్దరూ ఆ ఒక్క మీటరే సూసుకుంటా కూకుంటే, దారెవుడు సూస్తాడు బాబూ?”

విమానశాస్త్రజ్ఞులు యాబది ఏండ్లు పరిశోధించి తేల్చిన సంగతి ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. మనుష్యుని అవధానము దీపపు వెలుగు వంటిది కాదు, టార్చిలైటు వెలుగు వంటిది. ఒకచోటికి త్రిప్పినచో తక్కిన చోట్లు చీకటి యగును. 1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి అమెరికాలోని మయామీ నగరమునకు చేరువలో ఒక పెద్ద ప్రయాణికవిమానము చిత్తడినేలలో కూలి 101 మంది మరణించిరి. కారణ మేమి? ముందుచక్రము దిగినదని చూపు చిన్న బల్బు వెలుగలేదు. పైలట్లందఱును ఆ బల్బును గూర్చి తర్జనభర్జనలు పడుచుండగా, ఎత్తును నిలుపవలసిన స్వయంచాలక యంత్రము ఆ పనిని విడిచిపెట్టిన సంగతి ఎవ్వరును గమనింపలేదు. నిక్షేపమువంటి విమానము మెల్లమెల్లగా దిగి నేలను తాకెను. నల్లమలలో హెలికాప్టరు, ఫ్లోరిడాలో మహావిమానము; యంత్రములు వేఱు, మనస్సు ఒక్కటే. అందుచేతనే పైలట్లకు తొలినాటి పాఠముగా చెప్పు మాట ఇది: మొదట విమానమును నడుపుము, పిదప దారి చూచుకొనుము, ఆ తరువాతనే మాటలాడుము. ఎన్ని యంత్రములు మొరపెట్టినను ఈ వరుస తప్పరాదు.

రైల్వేవారికి ఈ ఎఱుక ఏనాడో కలిగినది. ఇంజనులో డ్రైవరును సహాయకుడును ప్రతి సిగ్నలును కంటితో చూచి, నోటితో ఒకరి కొకరు చెప్పుకొనవలెనని నియమము కలదు. మా డ్రైవరుగారు ఇప్పటికిని రైలులో ప్రయాణికుడుగా కూర్చున్నప్పుడు, కిటికీనుండి సిగ్నలు కనబడగానే కుడిచేయి తనంతట తాను కొంచెము లేచును, పెదవులు ‘పచ్చ’ అని కదలును. ముప్పది ఏండ్ల అలవాటు. చిన్నపిల్లల ఆటవలె తోచు ఈ కేక, ఒకరి కన్ను మోసపోయినప్పుడు రెండవవాని కన్ను మేలుకొనుటకై పుట్టినది. విమానములలో ఇట్టి శిక్షణము, అనగా ఒకరు చిక్కును విప్పుచుండగా రెండవవారు విమానమును తప్ప మఱేమియు చూడకుండుట, పెద్దవాని పొరపాటును చిన్నవాడు జంకు లేక చెప్పగలుగుట, 1970ల తరువాతనే ఒక శాస్త్రముగా రూపొందినది.

ఇంక ఆ మేఘమును గూర్చి చెప్పవలెను. క్యుములోనింబస్ అని వాతావరణశాస్త్రజ్ఞులు పిలుచు ఉఱుముల మబ్బు, దూరమునుండి చూచువారికి దూదికొండవలె నిశ్చలముగా నుండును. లోపల నది యొక బ్రహ్మాండమైన కొలిమి. వేడిగాలి ఒకచోట ఎగదన్నుచుండును; వానచినుకులు తాము పడుచు తమతోపాటు గాలిని క్రిందికి ఈడ్చును; ఆ చినుకులు కొన్ని ఆవిరియగుటచే గాలి చల్లబడి, బరువెక్కి, మఱింత వడిగా దిగును. నిమిషమునకు రెండువేల అడుగుల చొప్పున దిగు గాలి ఇట్టి మబ్బులో అరుదు కాదు. శిక్షణాలయములలో వాడు సెస్నా 172 వంటి చిన్న విమానము తన బలమంతయు పెట్టి ఎక్కినను నిమిషమునకు ఏడువందల అడుగులు మాత్రమే ఎక్కగలదు. లెక్క చిన్నపిల్లలకును తెలియును: పైకి ఏడువందలు, క్రిందికి రెండువేలు. పైలట్ ఎంత నిపుణుడైనను, కొండకొమ్మునకు పదునైదువందల అడుగుల ఎత్తున నున్న ఆ విమానమునకు ఒక నిమిషమునకు మించి స్వల్పకాలమే వ్యవధి. అచ్చట నైపుణ్యమునకు తావు లేదు. నైపుణ్యము పనిచేయవలసినది మబ్బులోనికి పోకమునుపు.

మబ్బులో క్రిందిగాలి లేకున్నను, కంటికి క్షితిజరేఖ కనబడకుండుటయే చాలినంత అపాయము. దీనిని తెలిసికొనుటకు పాఠకులు ఇంటిలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఇత్తడి చెంబునిండ నీరు పోసి, దానిమీద ఒక తులసిదళమును వేసి, చెంబును ఉన్నచోటనే మెల్లగా గుండ్రముగా త్రిప్పుడు. చెంబు తిరుగును గాని, ఆకు మొదట కదలదు, నీరు వెనుకబడును. అట్లే త్రిప్పుచుండగా కొంతసేపటికి నీరును చెంబుతోపాటు తిరుగనారంభించును, ఆకును తిరుగును. అప్పుడు చెంబును చటుక్కున ఆపినచో, చెంబు నిలిచినను ఆకు తిరుగుచునే యుండును. మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు కలవు. వానిలో నీటివంటి ద్రవము నిండియుండును. ఆ ద్రవము కుల్య గోడకు వెనుకబడినంతసేపే సన్నని రోమములు వంగి, ‘తిరుగుచున్నావు’ అని మెదడునకు కబురు పంపును. తిరుగుడు ఒకే వడితో ఇరువది సెకండ్లపాటు సాగినచో ద్రవము గోడను అందుకొనును, రోమములు నిటారుగా నిలుచును, కబురు ఆగిపోవును. విమానము వాలి తిరుగుచునే యున్నను, పైలట్ శరీరము ‘సమముగా పోవుచున్నావు’ అని ప్రమాణము చేయును. ఎవడైనను దానిని సరిచేసి నిజముగా సమము చేసినచో, ఆగిన చెంబులోని ఆకువలె, ‘ఎదురుదిక్కునకు వాలినావు’ అని చెవి గగ్గోలు పెట్టును. భయపడి మఱల వాల్చును. వాలిన విమానము ఎత్తు కోల్పోవును. ఎత్తు తగ్గుచున్నదని అతడు పిడిని తనవైపునకు లాగును. లాగినకొలది మలుపు బిగిసి, వేగము పెరిగి, సుడి లోతగును.

1954లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయమువారు ఈ విషయమును పరీక్షించిరి. యంత్రములను మాత్రమే చూచి నడపు శిక్షణము లేని 20 మంది పైలట్లకు బయటి దృశ్యము కనబడకుండ చేసి, విమానము నడుపుమనిరి. ఇరువదిమందియు అదుపు తప్పిరి. అందులో 19 మంది పై చెప్పిన సుడిలోనే పడిరి. కొందఱికి కొన్ని సెకండ్లు పట్టినది, కొందఱికి కొన్ని నిమిషములు. సగటు 178 సెకండ్లు. మూడు నిమిషములు కూడ నిండలేదు. ఒక అన్నపుకుండ పొంగు వచ్చు వ్యవధి కూడ కాదు. అయితే చాలమంది ఈ సంఖ్యనే చెప్పి ఆగిపోవుదురు. ఆ పరిశోధనలో అంతకంటె ముఖ్యమైన రెండవ భాగమున్నది. ఆ పైలట్లకే పిదప ఒక చిన్న పద్ధతి నేర్పిరి: మబ్బులో చిక్కినంతనే కంగారుపడక, యంత్రములను నమ్మి, మెల్లగా సగము చుట్టు తిరిగి, వచ్చిన దారినే వెలుగులోనికి వచ్చుట. ఆ పరిశోధనకు పెట్టిన పేరే ‘180 డిగ్రీల మలుపు’. నేర్చినవారు ఇంచుమించు ప్రతిసారియు సురక్షితముగా మరలిరి.

నేలకు సమీపమున జరుగు పొరపాటులు వేఱొక రకమైనవి. రెక్కకును ఎదురుగాలికిని నడుమనున్న కోణము ఇంచుమించు 15 నుండి 18 డిగ్రీలు దాటినచో, రెక్క గాలిని పట్టి నిలుపజాలదు. దీనినే పైలట్లు స్టాల్ అందురు. ఇంజను ఆగుట కాదు, రెక్క ఓడిపోవుట. విమానమును 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండ త్రిప్పినచో రెక్క మోయవలసిన బరువు రెట్టింపగును. సమముగా పోవునపుడు గంటకు 50 మైళ్ళ వడిలో స్టాలగు విమానము అప్పుడు 70 మైళ్ళకే స్టాలగును. ఎత్తున నున్నచో ముక్కు దించి తేఱుకొనవచ్చును. చెట్ల ఎత్తున నున్నవానికి ఆ అవకాశము లేదు. 1980 జూన్ 23న ఢిల్లీలో సంజయ్ గాంధీ పిట్స్ జాతి విన్యాసవిమానములో తక్కువ ఎత్తున చుట్లు కొట్టుచు నేల కూలి, తోటి పైలట్‌తోపాటు మరణించెను. మన సినీనటి సౌందర్య 2004 ఏప్రిల్ 17న కరీంనగరమునకు ఎన్నికల ప్రచారమునకై బెంగుళూరు జక్కూరు మైదానమునుండి చిన్న సెస్నాలో బయలుదేరి, చాలినంత ఎత్తు చిక్కకమునుపే, సోదరుడైన అమరనాథ్‌తోను మఱి యిరువురితోను అసువులు బాసెను. ఎత్తు అనునది విమానమునకు చేతిలోని రొక్కము వంటిది. బయలుదేరిన మొదటి నిమిషమున ఎవ్వరి చేతిలోను అది ఉండదు.

పైలట్ల మనోవైఖరులను పరిశీలించినవారు అపాయకరమైన స్వభావములు ఐదింటిని గుర్తించిరి. నియమములు నాకు కాదను ధిక్కారము, ఏదో యొకటి వెంటనే చేయవలెనను తొందర, నాకేమియు కాదను ధీమా, నేను చేసి చూపెదనను డంబము, నా చేతిలో నేమున్నదను నిస్పృహ. మొదటి నాలుగును లోకమంతట ఒక్కటే. ఐదవదానిని గూర్చి మాత్రము మనము ప్రత్యేకముగా ఆలోచింపవలెనని నా అభిప్రాయము. 2002 మార్చి 3న లోకసభాధ్యక్షులు జి.యం.సి. బాలయోగిగారు భీమవరమునుండి హైదరాబాదునకు పోవుచు, కైకలూరు వద్ద హెలికాప్టరు చేపలచెరువులో కూలి మరణించినప్పుడును, ఏడేండ్ల పిదప నల్లమల దుర్ఘటన నాడును, మన ఊళ్ళలో అరుగుల మీద ఒకటే మాట: ‘ఆయుష్షు తీరినది.’ దుఃఖమును మ్రింగుకొనుటకు ఆ మాట ఊరటయే, నేను కాదనను. కాని ఆయుష్షు తీరినదని చెప్పుకొన్న మఱుక్షణమే మనము కారణము నడుగుట మానుదుము. ఆ ఆఱు నిమిషములు విధి వ్రాసినవి కావు. అవి ఇరువురు మనుష్యులు ఒక ముల్లును చూచుచు గడపిన నిమిషములు. మఱొక శిక్షణము, మఱొక అలవాటు ఉన్నచో మఱొక విధముగా గడచియుండెడివి.

వెనుకకు మరలుట ఎందుకింత కష్టము? గమ్యము దగ్గఱైనకొలది మరలుట మఱింత కష్టమగునని మనస్తత్త్వశాస్త్రము చెప్పుచున్నది. ఇంక పది మైళ్ళే కదా, ఇంతదూరము వచ్చితిమి కదా, అని మనస్సు తన్ను తాను ఒప్పించుకొనును. అందులోను వెనుకసీటులో కూర్చున్నవారు గొప్పవారై, దిగినచోట వేలమంది కాచుకొనియున్నప్పుడు, ‘వాతావరణము బాగులేదు, వెనుకకు పోవుదము’ అను మాట గొంతు దాటి రాదు. నోరు తెఱచి ఎవ్వరును తొందరపెట్టనక్కఱలేదు. గడియారము వంక ఒక్కసారి చూచినను చాలును.

మన జాలరులకు ఈ కష్టము లేదు. రేవులో ప్రమాదసూచిక ఎగురవేసినారని తెలిసినంతనే, వలలో చేప పడుచున్నను, డీజిలు ఖర్చయినను, పడవలు వరుసగా ఫిషింగ్ హార్బరునకు మరలివచ్చును. ఖాళీ పడవతో మరలివచ్చిన సరంగును ఇంటిల్లిపాదియు ఒడ్డున నిలిచి కన్నులారా చూచుకొందురే గాని, పిఱికివాడని ఎవ్వరును అనరు. తరతరములుగా సముద్రమునకు బిడ్డల నిచ్చి నేర్చుకొన్న సంస్కారమిది. ఆకాశయానము పుట్టి నూటయిరువది ఏండ్లు దాటినది. ఇట్టి సంస్కారము ప్రయాణికులలో ఇంకను పాదుకొనవలసియున్నది.

కావున ఒక్క మనవి. ఏ వానకాలపు రాత్రియో విశాఖకు వచ్చుచున్న విమానము మన కొండల మీద రెండు చుట్లు తిరిగి, వాలక, హైదరాబాదునకు మరలిపోవును. లోపల కూర్చున్నవారు విసుగుకొందురు. ఎదుర్కొనవచ్చిన బంధువులు ద్వారము వద్ద నిట్టూర్చుదురు. ఎవరి పెండ్లి ముహూర్తమో, ఎవరి ఉద్యోగపు పరీక్షయో తప్పును. ఆ రాత్రి ఆ పైలట్‌ను నిందింపకుడు. దిగిన పిదప అతడు ద్వారము వద్ద నిలిచి కనబడినచో, ‘మంచి పని చేసితిరి’ అని ఒక్క మాట చెప్పి రండు.